లాగ్ ఫ్లూమ్ కాలువను కుదించకండి

సంపాదకులకు నమస్కారాలు.

సెలవులు దగ్గరపడగానే మీ పత్రికలోనూ ఇతర పత్రికలలోనూ థీమ్ పార్కుల మీద ప్రత్యేక కథనాలు వస్తుంటాయి. వాటిలో లాగ్ ఫ్లూమ్ అనే నీటి సవారీకి దక్కేది సాధారణంగా ఒక ఫోటో, దాని కింద రెండు వాక్యాలు. ఆ ఫోటో ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. చెట్టు దుంగ ఆకారంలో చేసిన పడవ ఏటవాలు జారుడు దిగి నీళ్లలో పడుతుంది, ఇరుపక్కలా నీరు గోడలా లేస్తుంది, పడవలోనివారు కళ్లు గట్టిగా మూసుకుని కేకలు పెడుతుంటారు. ఆ క్షణం నిజమే, అందులోని ఆనందమూ నిజమే. అయితే మొత్తం సవారీలో ఆ జారుడుకు పట్టేది రెండు మూడు సెకన్లు మాత్రమే. మిగిలిన నాలుగైదు నిమిషాలు ఆ పడవ ఒక సన్నని కాలువలో, మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో, మలుపులు తిరుగుతూ పోతుంది. ఆ నాలుగైదు నిమిషాల గురించి ఎవరూ రాయరు. చదివేవారికి తెలియకపోతే పోనీ అని ఊరుకునేదాన్ని గాని, సవారీలు కట్టించేవారు, నడిపేవారు కూడా ఆ ఫోటోలో ఉన్నదే లాగ్ ఫ్లూమ్ అనుకోవడం మొదలుపెట్టారన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా సాగునీటి కాలువల మీద ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నీరు ఎంత వాలులో ఎంత వేగంగా పారుతుంది, ఎక్కడ ఒడ్డును కోస్తుంది, ఎక్కడ పూడిక వేస్తుంది అని కనిపెట్టి ఉండడమే నా ఉద్యోగంగా గడిచింది. అందుచేత ఎనిమిదేళ్ల మా మనవరాలు మొదటిసారి నా చెయ్యి పట్టుకుని లాగ్ ఫ్లూమ్ క్యూలోకి తీసుకుపోయినప్పుడు, చుట్టూ ఉన్నవారందరూ తలెత్తి జారుడు వైపు చూస్తుంటే, నా చూపు మాత్రం కాలువ మీదే నిలిచిపోయింది.

ఆ కాలువ చూడడానికి పిల్లకాలువలా ఉంటుంది గాని, దాని వెనుక ఉన్న లెక్క చిన్నది కాదు. పడవకు మోటారు లేదు, తెడ్డు లేదు, చుక్కాని లేదు. పారే నీరు ఎటు తీసుకుపోతే అటు పోవలసిందే. అందుకని ఆ నీటిని కాలువ పొడవునా తగిన లోతులో, తగిన వేగంలో నిలబెట్టాలి. కింద ఉన్న పెద్ద తొట్టి నుంచి పంపులు నీటిని ఎత్తి కాలువ మొదట్లో పోస్తాయి. అక్కడి నుంచి నీరు స్వల్పమైన వాలు వెంట తనంతట తాను పారి, మలుపులన్నీ తిరిగి, చివరికి మళ్లీ ఆ తొట్టిలోకే చేరుతుంది. పడవ లిఫ్టు, అంటే పడవను ఏటవాలుగా పైకి లాగే బెల్టు, ఎక్కి పై కాలువలోకి వెళ్లాక అక్కడా తేలాలి కనుక, అంత ఎత్తుకూ నీటిని పంపుతోనే అందించాలి. వాలు ఒక పిసరు ఎక్కువైతే పడవ మలుపుల్లో గోడలకు దబదబా కొట్టుకుంటుంది. తక్కువైతే ముందు పడవ కదలక, వెనుక వచ్చేవి దాని తోకకు ఆనుకుని బారులు తీరతాయి. కాలువను ఇరుకు చేసిన చోట నీటి వేగం పెరుగుతుంది, వెడల్పు చేసిన చోట తగ్గుతుంది అన్న పాత సూత్రాన్ని పట్టుకుని, పడవ ఎక్కడ నిదానించాలో ఎక్కడ పరుగెత్తాలో ముందే నిర్ణయించి కట్టిన కాలువ అది. కాలువలు కట్టిన చేతులకు దాన్ని చూస్తే ముచ్చట వేస్తుంది.

రాత్రి పంపులు ఆపితే పై నీరంతా దిగివచ్చి తొట్టి నిండుతుంది. పొద్దున పంపులు వేయగానే తొట్టిలో మట్టం తగ్గి, గోడ మీద తడి చార ఒకటి తేలుతుంది. క్యూలో నిలబడి నేను మొదట గమనించింది ఆ చారనే. మధ్యలో కరెంటు పోతే మన గతి ఏమిటని మా ముందున్న పెద్దాయన కంగారుపడుతుంటే, కాలువలో ఉన్న పడవలకు ఏమీ కాదనీ, నీరు మెల్లగా దిగిపోయి అవి కాలువ అడుగున ఆనుకుని కూర్చుంటాయనీ, లిఫ్టు మీద ఉన్నది వెనక్కి జారకుండా పట్టే కొక్కేలు ఉంటాయనీ ఆ తొట్టిని చూపిస్తూ చెప్పాను. ఆయన నమ్మకంగా తల ఊపి, ఆ తర్వాత క్యూ కదిలినంతసేపూ తొట్టిలోకే చూస్తూ నడిచారు.

పడవలో ఒకరి వెనుక ఒకరు కూర్చోవాలి. పిల్ల ముందు, నేను వెనుక. సీటు తడిగా, చల్లగా ఉంది. నీటిలో కలిపిన క్లోరిన్ వాసన, ఎండకు ఎండుతున్న తడి చెక్క వాసన కలిసి వస్తున్నాయి. స్టేషన్ దగ్గర బెల్టు మీద నుంచి పడవ కాలువలోకి జారగానే అడుగున గరగరమన్న చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి తేలడం మొదలైంది. ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. మొదటి మలుపు దాటాక పిల్ల వెనక్కి తిరిగి, "అమ్మమ్మా, ఆ ఆకు మనతోనే వస్తోంది, చూడు" అంది. పడవ పక్కనే ఎండుటాకు ఒకటి, ముందుకు పోక, వెనుకబడక, అచ్చంగా మా వేగంతోనే నీటి మీద వస్తోంది. పడవ నీటితో పాటే పోతోందని, నీటికంటూ ఒక నడక ఉందని, ఏ పాఠమూ చెప్పకుండా ఆ పిల్లకు తెలిసిపోయింది. మలుపులో కాలువ బయటి గోడ వైపు నీరు కాస్త ఉబ్బి ఉంటే దాన్నీ తనే చూపించింది. ఇవన్నీ చూడడానికి సమయం ఉండబట్టే చూసింది. ఇరవై సెకన్లలో అయిపోయే సవారీలో ఆకును చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

లిఫ్టు దగ్గర పడవ ముక్కు బెల్టును తాకినప్పుడు, అంతదాకా లేని బరువు ఒక్కసారి మన మీదికి వస్తుంది. పడవ నీటిలో నుంచి లేచి, అడుగు నుంచి నీరు ధారలుగా కారుతుండగా, టక టక శబ్దంతో పైకి పోతుంది. వీపు వెనుక నేల దూరమవుతుంటుంది. పైకి చేరాక జారుడు వెంటనే వస్తుందని అనుకుంటాం, రాదు. పాతకాలపు మంచి లాగ్ ఫ్లూములలో పైన కూడా కొంత కాలువ ఉంటుంది. పడవ మళ్లీ తేలుతుంది, చప్పుళ్లన్నీ కిందే ఉండిపోతాయి, చెట్ల కొమ్మలు మన ఎత్తులో ఉంటాయి. "ఇప్పుడే పడతామా అమ్మమ్మా?" అని పిల్ల రెండుసార్లు అడిగింది. "ఇంకా లేదు తల్లీ, ఇంకో మలుపు ఉంది" అన్నాను. ఆ మలుపు తిరిగేలోగా ఆ చిన్న భుజాలు బిగుసుకోవడం నా చేతులకు తెలిసింది. ఆ సవారీ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ పై కాలువలో గడిచిన అర నిమిషమే.

జారుడు గురించి కూడా కొంచెం లెక్క చెబుతాను. 12.8 మీటర్ల ఎత్తు నుంచి, రాపిడీ గాలి అడ్డూ లేవనుకుని లెక్కవేస్తే, కిందికి చేరేసరికి పడవ వేగం గంటకు దాదాపు 57 కిలోమీటర్లు ఉంటుంది. వాలు 45 డిగ్రీలైతే ఆ దూరం దిగడానికి రెండున్నర సెకన్లు కూడా పట్టదు. అసలు సవారీలో రాపిడి వల్ల వేగం ఇంకొంత తగ్గుతుంది. జారుడు మీద పడవ తేలదు, దానికి అమర్చిన చక్రాల మీద దొర్లుతుంది. కింద కాలువ చదునయ్యే చోట నిలిచి ఉన్న నీరే దానికి బ్రేకు. పత్రికల ఫోటోలలో గోడలా లేచే ఆ నీరు, పడవ వేగం ఖర్చైపోతున్న తీరు. సాగునీటి కాలువలలో డ్రాపుల దగ్గర, అంటే కాలువ అడుగు ఒక్కసారిగా కిందికి దిగే చోట్ల, వేగంగా దిగిన నీరు నిదానంగా ఉన్న నీటిని తాకి ఉబికి లేచే హైడ్రాలిక్ జంప్‌ను నా ఉద్యోగ జీవితమంతా చూశాను. అక్కడా ఇక్కడా పని ఒకటే, పోగైన శక్తిని నీటిలోనే కరిగించడం. ఆ తాకిడిలో పడవ ఉన్నట్టుండి వేగం కోల్పోతుంది కనుక కూర్చున్నవారు ముందుకు తూలతారు. అందుకే ఆపరేటర్లు వెనక్కి ఆనుకుని కూర్చోమంటారు, చేతులు లోపల ఉంచుకోమంటారు. ఫోటో కోసం జారుడు మీద సగం లేచి నిలబడేవారిని కళ్లారా చూశాను. అంత సన్నని పడవలో మనిషి లేచి నిలబడితే బరువు ఒక్కసారి పైకి పోతుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. దయచేసి ఎవరూ అలా చేయవద్దు, పిల్లల చేత చేయించవద్దు.

ఈ సవారీకి లాగ్ ఫ్లూమ్ అన్న పేరు ఊరికే రాలేదు. లాగ్ అంటే దుంగ, ఫ్లూమ్ అంటే నీరు పారే కట్టుడు కాలువ. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దంలో కొండల మీద నరికిన కలపను రైలు వేయలేని చోట్ల నుంచి కిందికి చేర్చడానికి చెక్క పలకలతో తొట్టెల్లాంటి కాలువలు కట్టి, ఎత్తైన దూలాల కాళ్ల మీద లోయలు దాటించి, నీటితో పాటు దుంగలనూ కోసిన కలపనూ వదిలేవారు. చాలావాటిని అడుగు సన్నగా ఉండే ఇంగ్లీషు V అక్షరం ఆకారంలో కట్టారు. అందులో ఒక తెలివి ఉంది. కలప ఎక్కడైనా అడ్డుపడితే దాని వెనుక నీరు నిలిచి మట్టం పెరుగుతుంది, మట్టం పెరిగేకొద్దీ వెడల్పూ పెరుగుతుంది, ఆ నీరే అడ్డుపడినదాన్ని పైకి లేపి ముందుకు తోస్తుంది. పైగా నీరూ తక్కువ పడుతుంది. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల నుంచి సాంగర్ పట్టణం దాకా 1890లో పూర్తయిన ఫ్లూమ్ పొడవు 54 మైళ్లు, అంటే సుమారు 87 కిలోమీటర్లు. కలప ఇరుక్కోకుండా చూడడానికి ఆ దారి పొడవునా మనుషులు కాపలా ఉండేవారు. మా కాలువల మీద లస్కర్లు చేసే పని అదే గనుక, ఆ సంగతి చదివినప్పుడు వాళ్లు నాకు బాగా తెలిసిన మనుషుల్లా అనిపించారు. వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది లోయ పక్కన బ్రాటన్ ఫ్లూమ్ 1986 దాకా కలపను మోసింది. మన కాలపు మాటే అది.

ఆ పని కాలువలలో మనుషులు ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని లోకానికి చెప్పినవాడు పత్రికా విలేఖరి కావడం వల్ల మీకు ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. 1875లో నెవాడాలో గనుల యజమానులు జేమ్స్ ఫ్లడ్, జేమ్స్ ఫెయిర్ తమ కలప ఫ్లూమ్‌ను చూడడానికి వచ్చిన న్యూయార్క్ ట్రిబ్యూన్ విలేఖరి రామ్స్‌డెల్‌తో కలిసి, తొట్టి ఆకారపు పడవలలో కూర్చుని, 15 మైళ్ల దూరాన్ని 35 నిమిషాలలో దిగారు. గంటకు సగటున నలభై కిలోమీటర్లకు పైగా వేగమన్నమాట. పక్కన పట్టుకోవడానికి గోడ లేదు, కింద లోయ. గని మొత్తం ఇస్తానన్నా మళ్లీ ఎక్కనని ఫ్లడ్ అన్నట్టు ఆ విలేఖరి రాశాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేసిన ఆ ప్రయాణాన్ని, పసిపిల్లతో కలిసి నిశ్చింతగా చేయదగిన ప్రయాణంగా మార్చడమే తర్వాతి తరం ఇంజనీర్లు సాధించిన పని.

నా వాదనంతా ఆధారపడిన విషయం ఇప్పుడు చెబుతాను. పడవను ఎత్తు మీద నుంచి నీళ్లలోకి జార్చే వినోదం లాగ్ ఫ్లూమ్‌తో పుట్టింది కాదు. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో పాల్ బోయ్‌టన్ తెరిచిన సీ లయన్ పార్కులోనే షూట్ ది చూట్స్ పేరుతో అది ఉంది. చదునైన అడుగు ఉన్న పడవ ఏటవాలు మీద నుంచి జారి మడుగులో పడేది, మడుగు మీద ఎగిరి దూకి ఆగేది. అంతటితో సరి. 1963లో టెక్సస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో, సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్ పార్కులో, ఆరో డెవలప్‌మెంట్ సంస్థ ఎల్ అసెరడెరో అనే సవారీని కట్టినప్పుడు కొత్తగా తెచ్చింది జారుడును కాదు, కాలువను. ఎల్ అసెరడెరో అంటే స్పానిష్‌లో రంపపు మిల్లు. అంతకు నాలుగేళ్ల ముందు డిస్నీలాండ్‌లో మాటర్‌హార్న్ రోలర్ కోస్టర్‌కు గొట్టపు ఉక్కు పట్టాలు వేసిన సంస్థే అది. పట్టాల మీద బండిని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు. నీటి మీద తేలే పడవను, అందులో ఎందరు ఎక్కినా, ఎలా కూర్చున్నా, ఒకే తీరుగా నడిపించడం అంతకన్నా కష్టమైన సమస్య. దాన్ని వారు సాధించారు. జనం ఎంతగా వచ్చారంటే 1968లో అదే పార్కులో రెండో ఫ్లూమ్‌ను కూడా కట్టవలసి వచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాలలో లాగ్ ఫ్లూమ్ లేని పెద్ద పార్కు అరుదైపోయింది. జనాన్ని అలా లాగినది జారుడు ఒక్కటే అయితే, అది అప్పటికే డెబ్బై ఏళ్లుగా ఉంది కదా. కాలువను తీసేసి జారుడును మాత్రం ఉంచితే మనం ముందుకు పోయినట్టు కాదు, 1895కు తిరిగి వెళ్లినట్టు.

కాలువ విలువ ఏమిటో బాగా అర్థం చేసుకున్నవారిలో బడ్ హర్ల్‌బట్ ఒకరు. కాలిఫోర్నియాలోని నాట్స్ బెరీ ఫామ్ పార్కులో ఆయన కట్టిన లాగ్ రైడ్ 1969లో నటుడు జాన్ వేన్ చేతుల మీదుగా మొదలైంది. పైన నేను లెక్కకు తీసుకున్న 12.8 మీటర్లు ఆ సవారీ జారుడు ఎత్తే. అడుగులలో చెబితే 42. కాని ఆయన శ్రద్ధంతా కాలువ మీదే పెట్టారు. కాలువను ఒక కృత్రిమ కొండ లోపలికి తీసుకుపోయి, చీకట్లో మలుపులు తిప్పి, కలప కోత కార్మికుల జీవితాన్ని బొమ్మల రూపంలో రెండు ఒడ్డులా చూపించారు. పడవ నెమ్మదిగా పోతేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. 2013లో ఆ సవారీని పూర్తిగా మరమ్మతు చేసి మళ్లీ తెరిచారు, పాతదైపోయిందని కూల్చలేదు. 1989లో డిస్నీలాండ్‌లో తెరిచిన స్ప్లాష్ మౌంటెన్ ఈ ఆలోచననే ఇంకా పెద్ద ఎత్తున చేసింది. ఆ సవారీలోని కథ మీద వచ్చిన అభ్యంతరాల వల్ల దాన్ని 2023లో మూసి, 2024లో టియానాస్ బయూ అడ్వెంచర్‌గా తిరిగి తెరిచినప్పుడు, కథనూ బొమ్మలనూ పాటలనూ మార్చారు గాని కాలువనూ జారుడునూ అలాగే ఉంచారు. మార్చవలసినదాన్ని మార్చి, నిలబెట్టవలసినదాన్ని నిలబెట్టిన ఆ పద్ధతి నాకు నచ్చింది.

అన్నిచోట్లా అలా జరగలేదు. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో 1981 నుంచి ఉన్న ఫ్లూమ్‌ను 2015తో ఆపేశారు. ఆ స్థలంలో 2018లో వికర్ మ్యాన్ అనే చెక్క కోస్టర్ వచ్చింది. థోర్ప్ పార్కులో 1989 నాటి లాగర్స్ లీప్ కూడా 2015 తర్వాత నడవలేదు. కోస్టర్ల మీద నాకు ద్వేషం లేదు, వాటి ఇంజనీరింగ్ కూడా గొప్పదే. యాజమాన్యాల కష్టమూ నాకు తెలుసు. పంపులు రోజంతా తిరగాలి, తొట్టెలు కారుతుంటాయి, తడి ఎక్కడ ఉంటే అక్కడ తుప్పు ఉంటుంది, పడవలకు ఏటా మరమ్మతులు కావాలి, చలికాలంలో ఎక్కేవారు తగ్గుతారు, కాలువ ఆక్రమించే స్థలంలో మరో రెండు సవారీలు పట్టవచ్చు. ఇన్ని ఖర్చులు భరించి ఎందుకు నడపాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు మా పడవలోనే కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల, అరవై దాటిన నేను, ఒకే పడవలో, ఒకే అనుభవాన్ని పంచుకున్నాం. తలకిందులు చేసే సవారీ దగ్గర నేను కింద నిలబడి సంచులు పట్టుకుంటాను. పసిపిల్లల సవారీ దగ్గర పిల్ల ఎక్కితే నేను బయటి నుంచి చెయ్యి ఊపుతాను. నడుము, గుండె బాగున్న పెద్దవారూ నిర్దేశించిన ఎత్తు దాటిన పిల్లలూ కలిసి ఎక్కి, మధ్యలో మాట్లాడుకునే వీలున్న పెద్ద సవారీలు పార్కులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి.

రెండోసారి మేము మరో పార్కులో ఎక్కిన లాగ్ ఫ్లూమ్ అనుభవం వేరు. దాని పేరు రాయను, ఎందుకంటే ఆ లోపం ఆ ఒక్కచోటిదే అని నేను అనుకోవడం లేదు. ఎక్కే ముందే కాలువ గోడ మీద పచ్చటి పాచి గీత ఒకటి కనిపించింది. నీటి మట్టం ఆ గీతకు జానెడు కింద ఉంది. అంటే ఆ కాలువ ఒకప్పుడు జానెడు ఎక్కువ నీటితో పారింది. మూడో మలుపు దగ్గర మా పడవ అడుగు నేలకు రాసుకుని, గీరుకుంటూ పోయి ఆగిపోయింది. "అమ్మమ్మా, పడవ ఎందుకు ఆగింది?" అని పిల్ల అడుగుతుండగానే వెనుక పడవ వచ్చి తగిలింది. ఒక కుర్రాడు పొడవాటి గెడ పట్టుకుని గట్టు మీద పరుగెత్తుకొచ్చి మా పడవను తోశాడు. తోసే తీరు చూస్తే అతనికి ఆ పని అలవాటైపోయినట్టు తెలిసిపోతోంది. పాపం, ఆ ఎండలో అలా ఎన్నిసార్లు పరుగెత్తాలో.

పిల్ల ప్రశ్నకు జవాబు సులువైన లెక్కే. 3 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పడవలో ఒక్కొక్కరు 65 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే, ఖాళీ పడవ కన్నా అది దాదాపు 10 సెంటీమీటర్లు లోతుగా మునుగుతుంది. పొద్దున ఖాళీ పడవను వదిలి, అది సజావుగా తేలిపోతోందని చూసుకుని తలుపులు తెరిస్తే సరిపోదు. నిండు పడవకు ఆ 10 సెంటీమీటర్లూ, దాని పైన ఇంకొంచెమూ నీరు ఉండాలి. నీరు లేని కాలువలో పడవ గీరుకుంటుంది, ఆగుతుంది, ఎక్కినవారికి విసుగు పుడుతుంది. కాలువ భాగం బోరుగా ఉంది, జారుడు ఒక్కటే బాగుంది అని వారు చెబుతారు. ఆ మాట విని యాజమాన్యం కాలువ మీద ఖర్చు ఇంకా తగ్గిస్తుంది. కొన్నాళ్లకు జనానికి కాలువ ఇష్టం లేదన్న పేరు మీద సవారీనే తీసేస్తారు. జనానికి ఇష్టం లేనిది కాలువ కాదు, నీళ్లు లేని కాలువ. ఆ తేడాను ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

నేను కోరేది పెద్ద సంగతేమీ కాదు. లాగ్ ఫ్లూమ్ నడిపే ప్రతి పార్కూ కాలువ గోడ మీద నాలుగైదు చోట్ల, మలుపుల దగ్గర తప్పనిసరిగా, నిండు పడవకు కావలసిన నీటి మట్టాన్ని రంగుతో గీతగా గీయించాలి. రోజూ సవారీ తెరిచే ముందు నీరు ఆ గీతను తాకిందో లేదో చూడాలి. సాగునీటి కాలువ మీద ప్రతి తూము దగ్గరా మేము చేసే పని అదే, దానికి పట్టేది డబ్బా రంగు, పావుగంట సమయం. క్యూలో నిలబడినవారికి చెవులు చిల్లులు పడేలా సంగీతం వినిపించే బదులు, నీరు ఎక్కడి నుంచి వస్తోంది, పడవ ఎలా కదులుతోంది, వెనక్కి ఆనుకుని ఎందుకు కూర్చోవాలి అన్నవి బొమ్మలతో ఒక బోర్డు మీద పెడితే పిల్లలు శ్రద్ధగా చదువుతారు. కారణం తెలిసినవారు సూచనను పాటిస్తారు కూడా. పాత ఫ్లూమ్‌ను పునరుద్ధరించాలనుకునేవారు జారుడును ఎంత పెంచాలి అని ఆలోచించే ముందు, లిఫ్టు పైన ఉన్న ఆ కాస్త కాలువను ఉంచుతున్నామా లేదా అని చూసుకోవాలి. ఎక్కినవారి గుండెల్లో జారుడును తయారుచేసేది అదే.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. వచ్చే సెలవుల ప్రత్యేక కథనంలో లాగ్ ఫ్లూమ్‌కు చోటు ఇచ్చినప్పుడు, ఫోటోగ్రాఫర్‌ను జారుడు కింద కాకుండా పై కాలువ కనిపించే చోట ఒక్కసారి నిలబెట్టండి. పడవ చివరి మలుపు తిరగబోతుండగా, నీరు ఇంకా నిదానంగా ఉండగా, లోపల కూర్చున్నవారు ఇంకా కేకలు పెట్టకుండా ముందుకు చూస్తుండగా తీసిన ఫోటో ఒకటి వేయండి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత సాగునీటి ఇంజనీరు